ఏడో గేటు వాక్యం

"ముప్ఫై తొమ్మిది వేల నూట ఇరవై సార్లు," అంది కృపావతి, అరుగుదల చీటీ చూస్తూ. "చిట్టెమ్మా, ఈ వాక్యం అయిపోయింది."

క్రేను మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్న చిట్టెమ్మ తల కూడా ఎత్తలేదు. "నాకు తెల్సండి. నెల్లాళ్ల నుంచీ నోరు అంటోంది గానీ లోపలికి ఎల్లట్లేదు. మా ఆయన మాటల్లాగే."

"ఒకసారి అను, చూద్దాం."

"నా చూపు నిలకడగా ఉంది. నా చూపు నిలకడగా ఉంది. నా చూపు..." చిట్టెమ్మకి ఆవులింత వచ్చింది.

ఆమె మణికట్టు పట్టీ మీద ధీమా అంకె యాభై రెండు దగ్గర నిలబడిపోయింది. ఏడాది కిందట ఇదే వాక్యం ఆమెని డెబ్భై నాలుగు దాకా ఎత్తేది. క్రేను తాళం తెరుచుకోవాలంటే యాభై ఉండాలి. ఇంకో వారం ఆగితే క్రేను ఆమెని లోపలికి రానిచ్చేది కాదు.

కృపావతి సంచిలోంచి వాక్యాలు ఎక్కించే పలక తీసింది. సముద్రానికి అడ్డుగా కట్టిన గోడ మీద పనిచేసే ఆరు వందల మందికి వాక్యాలు రాసేదీ, అరిగిపోతే మార్చేదీ ఆమే. పద్దెనిమిదేళ్లుగా అదే పని. వాక్యం 'నేను'తోనో 'నా'తోనో మొదలవ్వాలి. ఇప్పుడు జరుగుతున్నట్టుగా ఉండాలి. ఏడు మాటలు దాటకూడదు. భయం, తప్పు, కాదు, లేదు లాంటి రెండు వందల పదకొండు మాటలు అందులో ఉండకూడదు. ఉంటే పలక తీసుకోదు.

"క్రేను ఎక్కగానే ముందు దేన్ని చూస్తావు?"

"కొక్కేన్నండి. అది ఊగుతుంటే నాకు కాళ్లు ఆడవు."

"నా కొక్కెం నా మాట వింటుంది. అను."

చిట్టెమ్మ అంది. నాలుగోసారికి నవ్వొచ్చింది. "ఇంటదండి, ఎందుకినదూ! ఇంట్లో ఉన్నోడే ఇనడు." పట్టీ మీద అరవై ఒకటి పడింది.

"పొద్దున్నే వంద వల్లెలు. మధ్యలో టీ తాగకు," అని కృపావతి లేచింది.

అప్పుడే చెవిలో పిలుపు మోగింది. గేట్లన్నిటినీ కనిపెట్టి ఉండే నడిగది నుంచి పర్యవేక్షకుడు శ్రీవత్స. ముప్ఫై ఏళ్లవాడు, ఎప్పుడూ నింపాదిగా మాట్లాడతాడు. ఇవాళ గొంతు పలచబడింది.

"మేడమ్, ఏడో గేటు. నలభై ఒకటి."

కృపావతి సముద్రం వైపు చూసింది. ఆకాశం అంచున బూడిదరంగు అట్టలా కట్టింది. తుఫాను తీరానికి వచ్చేది సాయంత్రం. దాని ముందు తోసుకొచ్చే పోటు మాత్రం మూడు నలభైకి గోడని తాకుతుంది.

"ఏడోది దానయ్యది కదా. నిన్న డెబ్భై పైన ఉండేవాడే."

"నిన్న తొంభై ఒకటి మేడమ్. సాయంత్రం గేటు వేస్తుంటే బోటు ఇరుక్కుంది. బోటులో ఉన్నతని కాలు విరిగింది. పొద్దుట ఐదు నుంచీ వల్లె వేస్తున్నాడు, అంకె పడిపోతూనే ఉంది."

"ఏ వాక్యం?"

"మీదే మేడమ్. ఇత్తడి రేకు మీద చెక్కినది."

---

కోరంగి గోడకి ఇరవై ఒక్క గేట్లు. గోడ వెనక వలలపేట. సముద్రమట్టానికి రెండు మీటర్లు కింద ఉన్న ఆ పేటలో పద్దెనిమిది వేల మంది. గోడ ఉందన్న ధైర్యంతో తుఫాను హెచ్చరిక విన్నా ఎవరూ మూటా ముల్లే సర్దలేదు. ఇరవై గేట్లు మూసి ఒక్కటి తెరిచి ఉంచినా పేట మునుగుతుంది.

గేటు వేసేది మనిషే. మొదట్లో యంత్రం వేసేది. ఒకసారి అది కింద బోటు ఉందని తెలిసి కూడా సమయమైందని వేసేసింది. అప్పట్నుంచి లీవరు మీద మనిషి చెయ్యి పెట్టారు. తర్వాత ఒకతను పోటు వస్తుంటే బిగుసుకుపోయి నాలుగు నిమిషాలు లీవరు పట్టుకుని నిలబడిపోయాడు. దాంతో ఆ చేతికి తాళం వేశారు. గొంతునీ నాడినీ చదివి ధీమా అంకె అరవైకి చేరితేనే లీవరు కదులుతుంది.

ఆ అరవై అందరికీ దాటేలా చేసింది కృపావతి రాసిన ఒక వాక్యం. 'నా చెయ్యి ఎప్పుడూ సరైన క్షణాన్నే పట్టుకుంటుంది.' పదకొండేళ్లయినా అరగని వాక్యం. అందులో 'ఎప్పుడూ' అన్న మాట చేర్చినందుకే అంకె తొమ్మిది పెరిగింది. ఇరవై ఒక్క గేట్లకీ దాన్నే ఇచ్చారు. నడిగది గోడకి ఆ వాక్యం ఇత్తడి రేకు మీద చెక్కించి తగిలించారు, కింద ఆమె పేరుతో.

గోడ మీది ట్రాలీలో వెళ్తుంటే గాలి ఆమె చీర కొంగుని లాగి మొహాన కొట్టింది. ఏడో గేటు గదికి చేరేసరికి పన్నెండున్నర.

కామాడి దానయ్య లీవరు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ముప్ఫై ఐదేళ్ల మనిషి, తాడు పేనినట్టుండే చేతులు. గొంతు బొంగురుపోయింది.

"నా చెయ్యి ఎప్పుడూ సరైన క్షణాన్నే..." ఆమెని చూసి ఆపేశాడు. పట్టీ మీద నలభై నుంచి ముప్ఫై తొమ్మిదికి దిగింది. "రండమ్మా. చూశారా? అంటే తగ్గుద్ది. అనకపోతే అక్కడే ఉంటాది."

"ఎన్నిసార్లు అన్నావు?"

"మూడొందల నలభై దాకా లెక్కెట్టానండి. తర్వాత మానేశాను."

ఆమె పలక తెరిచి అత్యవసర వాక్యాలు మూడు ఎక్కించింది. 'నేను ప్రశాంతంగా ఉన్నాను.' ముప్ఫై ఎనిమిది. 'నా బలం నాతో ఉంది.' ముప్ఫై ఎనిమిది. 'నేను నిన్నటిని దాటి నడుస్తున్నాను.' ముప్ఫై ఆరు.

"ఆఖరిది ఎవరు రాశారోనండి," అన్నాడు దానయ్య. "దాటడమేంటి, నేనింకా ఆడే ఉన్నాను."

కృపావతి నవ్వలేదు. అది రాసింది కూడా ఆమే.

చెవిలో శ్రీవత్స. "మేడమ్, ఎనిమిదో గేటు యాభై ఏడు. పన్నెండోది యాభై ఐదు. ఐదు, తొమ్మిది, పదహారు కూడా అరవై కిందకొచ్చాయి. ఏమవుతోంది?"

ఏమవుతోందో ఆమెకి అర్థమైంది. నిన్న దానయ్య చెయ్యి తప్పిందని గోడంతా తెలుసు. పొద్దుట వల్లె వేస్తూ 'ఎప్పుడూ' దగ్గరకి రాగానే ప్రతివాడికీ దానయ్య గుర్తొస్తున్నాడు. ఆ వెంటే తన చెయ్యి తప్పిన రోజు గుర్తొస్తోంది. వాక్యం అరగలేదు. ఒక్క దెబ్బకి విరిగింది. ఇరవై ఒక్క చోట్లా ఉన్నది అదే వాక్యం.

"వాళ్ల బదులు మార్పు మనుషుల్ని పెడితే?" అంది.

"వాళ్లదీ అదే వాక్యం మేడమ్. అందరూ యాభై లోపే."

---

"నిన్న ఏం జరిగిందో చెప్పు," అంది కృపావతి, దానయ్య ఎదురుగా నేల మీద కూర్చుంటూ.

"నడిగదికి రాసిచ్చాను కదండీ."

"నాకు చెప్పు."

దానయ్య కిటికీ వైపు చూశాడు. లీవరు పక్కనే కిటికీ. అందులోంచి వంగి చూస్తే గేటు కింద కాలువ కనిపిస్తుంది.

"తొంభై ఒకటి ఉందండి నిన్న. గోడ మీద నాదే ఎక్కువ. ఎనిమిదో గేటు బేబమ్మ కూడా అంది, ఏరా దానయ్యా, ఇవాళ గాల్లో తేలతన్నావని. నిజంగా అలాగే ఉందండి. చివరి బోటు ఎల్లిపోయి ఉంటాదనిపించింది. నా చెయ్యి ఎప్పుడూ సరైన క్షణాన్నే పట్టుకుంటాది కదా. ఇంక కిందకి చూట్టం ఎందుకు?"

కృపావతి తల ఎత్తింది.

"చూడలేదా?"

"చూళ్లేదండి. లీవరు లాగేశాను. గేటు పట్టేసింది బోటు వెనక భాగాన్ని. అందులో ఉన్నోడు మా బామ్మర్ది, లోవరాజు."

పదకొండేళ్లుగా ఇత్తడి రేకు మీద మెరుస్తున్న వాక్యం. దాన్ని నమ్మినందుకే ఈ మనిషి కిందకి చూడలేదు. బాగా నమ్మాడు. ఆమె కోరినంతగా నమ్మాడు.

దానయ్య జేబులో ఫోను మోగింది. చూసి మళ్లీ జేబులో పెట్టేశాడు. మళ్లీ మోగింది.

"తియ్యి," అంది కృపావతి.

"ఆడేనండి. పొద్దుట్నుంచి చేస్తానే ఉన్నాడు. నేనేమని మాటాడాలి?"

ఆమే చెయ్యి చాచి ఫోను అందుకుని స్పీకరు నొక్కింది.

"బావా!" ఆసుపత్రి సందడి మధ్య లోవరాజు గొంతు మోగింది. "ఫోనెత్తవేంట్రా? ఇరిగింది నా కాలు, నీ చెయ్యి కాదు."

దానయ్య తల దించుకున్నాడు. "ఎలా ఉందిరా?"

"ఎలా ఉంటాది, అరటిబోదెకి కట్టినట్టు కట్టారు. మీ చెల్లెలు పక్కనే కూచుని ఏడుస్తా ఇడ్లీలన్నీ అదే తినేసింది. అది వదిలెయ్. నీ అంకె పడిపోయిందంట కదా, పేటంతా అనుకుంటన్నారు. ఒరేయ్ బావా, నీ తప్పేం లేదురా. ఆ గాలికి ఎవడైనా అంతే. నీ తప్పు అసలు లేదు."

కృపావతి చూపు పట్టీ మీద ఉంది. ముప్ఫై ఆరు. ముప్ఫై మూడు. ముప్ఫై ఒకటి.

ఆమె ఫోను దగ్గరకి వంగింది. "లోవరాజూ, నేను కృపావతిని, వాక్యాలు రాసేదాన్ని. నీ మనసులో నిజంగా ఏముందో అది చెప్పు. ఓదార్చకు."

"అలా అంటే ఎలాగండి, ఆడు మా అక్క మొగుడు."

"పేట మునుగుతుందయ్యా. చెప్పు."

లైన్లో ఎవరో ట్రాలీ తోసుకుపోయిన చప్పుడైంది. తర్వాత లోవరాజు గొంతు మారింది. "సరే. తప్పు నీదే బావా. ముమ్మాటికీ నీదే. నేను చెయ్యెత్తి అరుస్తానే ఉన్నాను, నువ్వు కిటికీలోంచి చూళ్లేదు. ఆర్నెల్లు నేను ఏటకి ఎల్లలేను, అది నీ వల్లే. నాకు కోపంగానే ఉంది." ఆగాడు. "అయినా ఇవాళ గేటు ఎయ్యాల్సింది కూడా నువ్వే. నీకన్నా బాగా ఏసేవోడు గోడ మీద లేడు, అదీ నిజవే. మంచం మీంచి కదల్లేను. నీళ్లొస్తే నేనెక్కడికి ఈదను? ఈసారి కిందకి చూసి ఎయ్యి, ఎదవా."

ముప్ఫై ఒకటి. ముప్ఫై ఏడు. నలభై నాలుగు.

దానయ్య పట్టీ చూడలేదు. అరచేత్తో కళ్లు రుద్దుకుంటున్నాడు. చూసింది కృపావతి. పద్దెనిమిదేళ్లలో ఒక్క మాటకి అంకె పదమూడు లేవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అదీ 'తప్పు' అన్న నిషిద్ధ మాటతో మొదలైన చోట.

"దానయ్యా," అంది నెమ్మదిగా. "నీ వాక్యం నువ్వే చెప్పు. అందంగా ఉండక్కర్లేదు. నిజమైతే చాలు."

అతను కిటికీలోంచి కాలువ వైపు వంగి చూశాడు.

"నిన్న నేను కిందకి చూడలేదు. ఈరోజు చూసి వేస్తాను."

---

పలక నాలుగు ఎర్రగీతలు వేసింది. వాక్యం 'నేను'తో మొదలవలేదు. 'నిన్న' అన్నది జరిగిపోయిన కాలం. 'వేస్తాను' అన్నది రాబోయేది. 'లేదు' నిషిద్ధం. వాక్యం తిరస్కరించబడింది.

తిరస్కరించిన వాక్యాన్ని ఎక్కించే దారి ఒకటే ఉంది. పచ్చి వాక్యం మీట. పలక వెనక చిన్న మూత కింద ఉంటుంది. నొక్కితే ఏ వాక్యాన్నయినా గేటు వింటుంది. నొక్కినవాళ్ల వేలిముద్ర పడుతుంది, ఆ పోటు దాటగానే వాక్యాలు రాసే అనుమతి రద్దవుతుంది. గోడ కట్టాక దాన్ని నొక్కినవాళ్లు లేరు.

"మేడమ్, మీ పలక మూత తెరుచుకున్నట్టు చూపిస్తోంది," అన్నాడు శ్రీవత్స.

"తెరిచాను."

"వద్దు మేడమ్. భయాన్నో తప్పునో పదే పదే అంటే అది గట్టిపడుతుందని కదా ఆ నిషిద్ధ మాటల జాబితా పెట్టింది. నాకు శిక్షణలో మొదటి రోజు చెప్పిన పాఠం అది. రూలు నేను రాయలేదు."

"నేను రాశాను," అంది కృపావతి. "ఆ రెండు వందల పదకొండు మాటలూ నేనే ఏరాను." మీట నొక్కింది.

గడియారంలో ఒంటి గంట యాభై.

"మొదలుపెట్టు. వంద."

"నిన్న నేను కిందకి చూడలేదు. ఈరోజు చూసి వేస్తాను." నలభై నాలుగు.

పదో వల్లెకి గొంతు జీరబోయింది. నలభై మూడు. ఇరవయ్యో వల్లెకి మొదటి సగం దగ్గరే ఆగిపోయాడు, రెండో సగం రాలేదు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. మళ్లీ మొదలుపెట్టాడు. ముప్ఫై ఏడో వల్లెకి అంకె నలభైకి పడింది. శ్రీవత్స ఏదో అనబోయాడు, ఆమె చెవిలో పిలుపు కట్టేసింది.

యాభై దాటాక ఏదో మారింది. 'చూడలేదు' అన్న చోట అతని గొంతు తడబడటం మానేసింది. ఆ మాట మీద కాలు ఆనించి పైకెక్కుతున్నట్టు 'చూసి' అన్నదాన్ని ఒత్తి పలుకుతున్నాడు. పలికిన ప్రతిసారీ తెలియకుండానే కిటికీ వైపు తల వంచుతున్నాడు. అరవయ్యో వల్లెకి నలభై ఎనిమిది. ఎనభయ్యోదానికి యాభై మూడు. వందకి యాభై ఎనిమిది.

"అయిపోయిందండి," అన్నాడు రొప్పుతూ.

"లెక్క ఎవరు పెట్టమన్నారు? కానివ్వు."

నూట పదకొండో వల్లె దగ్గర పట్టీ మీద అరవై పడింది. లీవరు అడుగున తాళం టక్కుమని విడిపోయింది. దానయ్య దాని వైపు కొత్తదాన్ని చూసినట్టు చూశాడు.

కృపావతి పిలుపు కలిపింది. "శ్రీవత్స గారూ, ఏడో గేటు తాళం తెరుచుకుంది."

"చూశాను మేడమ్!" అతను దాదాపు అరిచాడు. "రెండు ఇరవై. మిగతావాటిలో పద్నాలుగు అరవై కింద ఉన్నాయి. దానయ్య వాక్యం అన్నిటికీ పంపేస్తున్నాను. ముందు పక్కనే ఉన్న ఎనిమిదికి."

"ఆగండి..."

ఆలస్యమైంది. గోడ స్పీకర్లో బేబమ్మ గొంతు వినిపించింది. ఎనిమిదో గేటు బేబమ్మకి యాభై రెండేళ్లు, మాట రంపంలా ఉంటుంది. "నిన్న నేను కిందకి చూడలేదు. ఈరోజు... ఇదేంటండీ బాబూ? నిన్న నేను శుభ్రంగా చూశాను. ఆడి పాపం నాకెందుకు అంటగడతారు?"

యాభై ఆరు. యాభై రెండు.

కృపావతి కళ్లు మూసుకుంది. ఇంకొంచెంలో మళ్లీ అదే పని చేసేవాళ్లు. ఒకరి నోటికి సరిపోయిన వాక్యాన్ని ఇరవై ఒక్క నోళ్లలో కుక్కడం.

"శ్రీవత్స గారూ, నా మీట ఒక్క గేటుకే. అన్ని గేట్లకీ పచ్చి వాక్యం తెరవాలంటే మీ తాళం కూడా కావాలి."

"తెరిచి ఏం చెయ్యాలి? పద్నాలుగు వాక్యాలు మీరిప్పుడు రాయగలరా?"

"నేను రాయను. వాళ్లే చెప్తారు."

"వాళ్లు గేట్లు వేసేవాళ్లు మేడమ్. వాక్యాలు రాసేవాళ్లు కాదు. నోటికొచ్చింది చెప్తే? అంకెలు ఇంకా పడితే? విచారణలో మనిద్దరం..." ఆగిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాదెంతో తెలుసా మేడమ్ ఇప్పుడు? పర్యవేక్షకుడికి యాభై ఉండాలి. నలభై ఐదు ఉంది. పట్టీ మీద చొక్కా చెయ్యి లాగి కూర్చున్నాను."

"మంచిది," అంది కృపావతి. "ఇప్పుడు మీరన్నదే మీ వాక్యం. ఇంకోసారి అనండి."

స్పీకర్లో చిన్న బుసలా నవ్వు వినిపించింది, తర్వాత అతను అదే మాట మళ్లీ అన్నాడు. ఆ వెంటే పెద్ద తాళం తిరిగిన చప్పుడు. గోడ పొడవునా ఇరవై ఒక్క గదుల్లో పచ్చదీపాలు వెలిగాయి.

"గేట్ల వాళ్లందరూ వినండి," అంది ఆమె. "నేను కృపావతిని. 'ఎప్పుడూ' అని మీకిచ్చిన వాక్యం తీసేస్తున్నాను. మీ చెయ్యి ఎప్పుడు తప్పిందో అది చెప్పండి. తర్వాత ఇవాళ ఏం చేస్తారో చెప్పండి. తాళం తెరుచుకునే దాకా అదే అనండి."

ముందు గాలి మాత్రమే వినిపించింది. తర్వాత బేబమ్మ.

"నిరుడు వేసంగి పోటుకి నా చెయ్యి వణికింది. ఎవరికీ చెప్పలేదు. వణుకుతానే ఏశాను, ఇవాళా ఏస్తాను."

పన్నెండో గేటు నుంచి ఒక ముసలి గొంతు. "నాకు ఎడమ చెవి వినపడదు. అందుకే రెండుసార్లు అడుగుతాను."

పదహారు నుంచి ఒక కుర్రగొంతు. "మొదటి రోజు పారిపోయాను. రెండో రోజు వచ్చాను. ఇవాళ కూడా వచ్చాను."

ఒకదాని మీద ఒకటి గొంతులు పడ్డాయి. నడిగది బోర్డు మీద ఇన్నేళ్లూ ఒకే వాక్యం నిండి ఉండే చోట ఇరవై ఒక్క వరసలు, ఏ రెండూ ఒకలా లేవు. యంత్రం ప్రతి వరస పక్కనా ఎర్రగీత వేస్తూ పోయింది. ఆ ఎర్రగీతల పక్కనే అంకెలు లేస్తూ పోయాయి.

---

మూడు గంటలకి ఇరవై తాళాలు విడ్డాయి. మూడూ ఐదుకి ఆఖరిది, ఐదో గేటు. మూడు పదికి గేట్లు ఒక్కొక్కటే దిగడం మొదలైంది. ఏడో గేటు అన్నిటికన్నా లోతైన కాలువ మీద ఉంది. ఆలస్యంగా వచ్చే బోట్లన్నీ అందులోంచే రావాలి, అందుకే దాన్ని చివరిదాకా ఉంచుతారు.

మూడు ఇరవైకి సముద్రం రంగు మారింది. కిటికీ చట్రం వణుకుతోంది.

"ఇంకో రెండు బోట్లు ఉన్నాయి దానయ్యా," శ్రీవత్స గొంతు. "ఒకటి దాటింది. రెండోది... నాకు కనపడటం లేదు. వాన అడ్డం వస్తోంది. మూడు ముప్ఫై రెండుకల్లా నువ్వు లాగాలి. గేటు దిగడానికి ఆరు నిమిషాలు పడుతుంది."

మూడు ఇరవై తొమ్మిది. దానయ్య ఒక చెయ్యి లీవరు మీద పెట్టి నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగాడు. పట్టీ మీద అరవై ఒకటి.

మూడు ముప్ఫై. "కనిపిస్తోందా?" అంది కృపావతి.

"లేదండి."

అరవై. ఇంకొక్కటి దిగితే తాళం పడుతుంది.

"నిన్న నేను కిందకి చూడలేదు," అన్నాడు దానయ్య వానలోకి. "ఈరోజు చూసి వేస్తాను. నిన్న నేను కిందకి చూడలేదు. ఈరోజు చూసి..."

మూడు ముప్ఫై ఒకటి. "దానయ్యా, బోటు మళ్లించుకుని ఉంటుంది," శ్రీవత్స తొందరపెట్టాడు. "లాగెయ్!"

"ఆగండి! ఆడు చెయ్యెత్తాడు!"

వాన తెరలోంచి నీలం ముక్కు ఒకటి పొడుచుకొచ్చింది. ఫైబరు బోటు, నలుగురు మనుషులు, ముందు నిలబడినవాడు రెండు చేతులూ ఊపుతున్నాడు. కెరటం దాన్ని ఎత్తి కాలువలోకి విసిరింది. బోటు ముక్కు గేటు కిందకి వచ్చింది. నడుము దాటింది. దానయ్య కదల్లేదు. తోక దాటింది. ఇంకా కదల్లేదు. చుక్కాని కూడా దాటాక, గోడ లోపలి నీళ్లలో బోటు పక్కకి తిరిగాక, అప్పుడు లాగాడు.

మూడు ముప్ఫై మూడు. ఒక నిమిషం ఆలస్యం.

గేటు దిగుతున్నంతసేపూ అతను కిటికీలోంచి తల లోపలికి తీసుకోలేదు. మూడు ముప్ఫై తొమ్మిదికి అడుగున ఇనుము ఇనుముని కరిచిన చప్పుడు గది నేలలోంచి పాదాలకి తెలిసింది. నిమిషం తర్వాత పోటు వచ్చి గోడని గుద్దింది. గది మొత్తం ఒకసారి ఊగింది. నీళ్లు కిటికీ మీదుగా లోపలికి చిమ్మి ఇద్దర్నీ తడిపేశాయి.

గోడ నిలబడింది.

స్పీకర్లో ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో బూతులు తిడుతున్నారు. బేబమ్మ అందరికన్నా గట్టిగా, "ఒరేయ్ దానయ్యా, ఒక నిమిషం లేటురా!" అంది.

"చూస్తన్నాను కదా అత్తా!" అని అరిచాడు దానయ్య.

కృపావతి పలక తీసుకుంది. తెర మీద ఒక ప్రశ్న వెలుగుతోంది. అనుమతి రద్దయ్యే ముందు ఆమె జవాబు ఇవ్వాల్సిన ఆఖరి ప్రశ్న అది.

'ఏడో గేటు వాక్యం ఫలితం ఇచ్చింది. ఎన్ని గేట్లకి వర్తింపజేయాలి?'

'ఒకటి' అని కొట్టింది. తర్వాతి వరస వచ్చింది. ఎనిమిదో గేటు వాక్యం ఎన్ని గేట్లకి? 'ఒకటి.' పన్నెండోది? 'ఒకటి.' ఇరవై ఒక్కసార్లు అదే కొట్టింది. ఆఖరి దానికి యంత్రం చాలాసేపు ఆలోచించింది. 'ప్రామాణిక వాక్యం: ఖాళీ' అని చూపించి ఆగిపోయింది. పలక ఆరిపోయింది.

"మీ ఉద్యోగం పోద్దాండి?" అన్నాడు దానయ్య, తల తుడుచుకుంటూ.

"విచారణ ఉంటుంది. రేపు పిలుస్తారు."

"ఏం చెప్తారు?"

"తెలీదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "భయంగా ఉంది."

దానయ్య తన పట్టీ విప్పి ఆమె మణికట్టుకి చుట్టాడు. వాక్యాలు రాసేవాళ్లకి పట్టీ అక్కర్లేదని రూలు. పద్దెనిమిదేళ్లలో ఆమె ఎప్పుడూ కట్టుకోలేదు. తడిసిన చర్మానికి అది చల్లగా తగిలింది.

"అనండి," అన్నాడు.

"ఏమని?"

"నన్నడుగుతారేంటండీ?"

కృపావతి లీవరు వైపు తిరిగింది.

"ఆ వాక్యం నేనే రాశాను," అంది. "ఈరోజు నేనే తీసేశాను."

పట్టీ మీద అంకె వెలిగింది. ఇద్దరూ వంగి చూశారు. ముప్ఫై నాలుగు.

దానయ్య స్టూలు ఆమె వైపు జరిపాడు.

"పర్లేదండి. ఇందాక నాది ముప్ఫై ఒకటి దాకా పడింది. కూచోండి," అన్నాడు. "ఇంకోసారి అనండి."